కత్తెర, కుంచె, నిజం: ఫోటో మాంటేజి చరిత్ర నేర్పే పాఠాలు

1

ఫోటో అబద్ధం చెప్పదని పూర్వం ఒక మాట వుండేది. యీ మధ్య దానికి సరిగ్గా ఎదురుమాట పుట్టింది: ఏ ఫోటోనూ నమ్మడానికి లేదు. కంప్యూటరు చేత బొమ్మలు పుట్టించే సాధనాలు అందరి చేతికీ వచ్చిన తర్వాత విద్యార్థి మిత్రులు యీ రెండో మాటనే తరచుగా అంటున్నారు. మొన్న ఒక అధ్యయన తరగతిలో ఒక విద్యార్థిని నన్ను సూటిగా అడిగింది: "కత్తిరించి అతికించిన ఫోటో అబద్ధమైతే, మన పోస్టర్లూ అబద్ధాలే కదా మాస్టారూ?" అప్పుడు నేనేదో జవాబు చెప్పాను. ఆ జవాబు నాకే తృప్తినివ్వలేదు. దాన్ని సరిదిద్దుకోవడానికే యీ వ్యాసం రాస్తున్నాను.

యీ ప్రశ్న కొత్తది కాదు. ఫోటో పుట్టిన నాటి నుంచీ వున్నదే. ఫోటోను కోయడం, అతకడం, దిద్దడం ఎవరు చేశారు, ఏ వర్గం ప్రయోజనం కోసం చేశారు, చూసేవాడికి తాము చేసిన పని సంగతి చెప్పారా, దాచారా అనే చరిత్ర తెలుసుకోకుండా "అంతా అబద్ధమే" అనడం సుఖమైన పనే కాని, ఉపయోగపడే పని కాదు. అంతా అబద్ధమేనని జనం అనుకోవడం వల్ల లాభపడేవాళ్లు కూడా వుంటారు. నిజంగా నేరం చేసినవాడు తన నేరం ఫోటోను చూపించి "యిది కూడా అతుకేలే" అని తప్పించుకోవచ్చు.

యీ విషయంలో నేను దూరాన నిలబడి తీర్పు చెప్పేవాణ్ణి కాను. ఫోటో దిద్దే పని నా చేతులకు తెలుసు. ఆ చేతులు చేసిన ఒక తప్పు గురించి కూడా చివర చెబుతాను.

2

మా మేనమామకు తెనాలిలో ఒక చిన్న స్టూడియో వుండేది. 1960ల చివర, హైస్కూలు రోజుల్లో, నా సెలవులన్నీ అక్కడే గడిచాయి. కిటికీ పక్కన రీటచింగు డెస్కు వుండేది: ఏటవాలు చెక్క, మధ్యలో గరుకు గాజు, అడుగున అద్దం. కిటికీ వెలుతురు అద్దం మీద పడి పైకి కొట్టేది. నెగెటివును గాజు మీద పెట్టి, పెన్సిలు ములికిని గరుకు కాగితం మీద సూదిలాగా అరగదీసి, సన్నని చుక్కలు వేసేవాడు మామయ్య. నెగెటివు మీద చుక్క వేస్తే ప్రింటులో ఆ చోటు తెల్లబడుతుంది. కత్తి మొనతో గీకితే నల్లబడుతుంది. యీ రెండు సూత్రాలతోనే మనుషుల ముఖాల మీది ముడతలు, మొటిమలు, అమ్మవారి మచ్చలు మాయమయ్యేవి.

ఆ స్టూడియోకు రెండు రకాల పనులు వచ్చేవి. ఒకటి, పెళ్లి సంబంధానికి పంపే ఆడపిల్ల ఫోటో. దాన్ని దిద్దడానికి ఖరారుగా బేరం వుండేది. రెండోది, చనిపోయినవాళ్ల ఫోటో. మొగుడూ పెళ్లాం కలిసి ఎన్నడూ ఫోటో తీయించుకోని కాలం అది. తండ్రి పోయాక, రేషను కార్డంత పాత బొమ్మ ఒకటి, తల్లిది కొత్తగా తీసిన బొమ్మ ఒకటి తెచ్చి, "వీళ్లిద్దర్నీ పక్కపక్కన కూచోబెట్టండి" అని అడిగేవారు కొడుకులు. మామయ్య రెండూ ఒకే పరిమాణంలో ప్రింటు వేసి, కత్తిరించి, అతికించి, అంచులు కుంచెతో కలిపి, మొత్తాన్ని తిరిగి కెమెరాతో కాపీ తీసేవాడు. అటువంటి పటాలు యివాళ్టికీ మన పల్లెటూళ్ల గోడల మీద ఎన్నో వున్నాయి.

ఒకసారి ఆయన నాతో అన్న మాట నాకు బాగా గుర్తు: "పెళ్లిచూపుల ఫోటో దిద్దేటప్పుడు నాకు భయంగా వుంటుందిరా. చచ్చిపోయినవాళ్లని కలిపేటప్పుడు మాత్రం వుండదు."

అప్పుడు నాకది అర్థం కాలేదు. రెండో దానిలోనే కదా అబద్ధం పెద్దది? మచ్చ తీసెయ్యడం చిన్న మార్పు. ఎన్నడూ పక్కన కూచోని యిద్దర్ని కూచోబెట్టడం పెద్ద కల్పన. కాని ఆ పటం ఎవరి కోసమో వాళ్లందరికీ అది అతికించిందని తెలుసు. మొదటి ఫోటో చూసే పెళ్లికొడుకు వారికి దిద్దిన సంగతి తెలియదు, తెలియకూడదు. మా మామయ్య సిద్ధాంతాలు చదివినవాడు కాడు. అయినా యీ వ్యాసంలోని ముఖ్యమైన సూత్రాన్ని ఆయన ఆ డెస్కు దగ్గరే చెప్పేశాడు.

3

1839లో డాగేర్ పద్ధతిని ఫ్రెంచి ప్రభుత్వం లోకానికి వెల్లడి చేసింది. మరుసటి ఏడే, 1840లో, హిప్పొలిట్ బయార్ అనే మరో ఫ్రెంచివాడు తన్ను తానే నీళ్లలో మునిగి చచ్చిన శవంగా ఫోటో తీసుకున్నాడు. కాగితం మీద నేరుగా బొమ్మ తెచ్చే పద్ధతిని అతను సొంతంగా కనిపెట్టాడు. గుర్తింపు మాత్రం డాగేర్‌కు దక్కింది. ఆ ఫోటో వెనక, ప్రభుత్వం ఆదుకోకపోవడం వల్ల యీ అభాగ్యుడు నీళ్లలో దూకాడని తనే వ్యంగ్యంగా రాసుకున్నాడు. అనగా ఫోటో చరిత్రలోని తొలి కల్పనల్లో ఒకటి, అన్యాయానికి గురైన ఒక పనివాడి నిరసన.

ఆ తర్వాత వచ్చిన అతుకులకు భౌతికమైన కారణం కూడా వుంది. 1850లలో వాడుకలోకి వచ్చిన కొలోడియన్ పలకకు నీలి వెలుగంటే సున్నితం ఎక్కువ. నేలకు సరిపడా వెలుతురు యిస్తే ఆకాశం తెల్లగా కాలిపోయేది. ఆకాశానికి సరిపడితే నేల చీకటయ్యేది. అందుచేత గుస్తావ్ లె గ్రే సముద్రాన్ని ఒక నెగెటివు మీద, మబ్బుల్ని మరొక నెగెటివు మీద తీసి, రెంటినీ ఒకే కాగితం మీద ముద్రించాడు. సాధనం లోపమే కొత్త శిల్పానికి దారి చూపింది.

1857లో ఇంగ్లండులో ఆస్కర్ రెయిలాండర్ ముప్ఫైకి పైగా నెగెటివులు కలిపి "జీవితపు రెండు దారులు" అనే పెద్ద చిత్రం తయారు చేశాడు. ఒక వృద్ధుడు యిద్దరు యువకులను లోకంలోకి పంపుతాడు. ఒకడు జూదం, వ్యభిచారం వైపు మొగ్గుతాడు, రెండోవాడు దైవభక్తి, కష్టం, దానధర్మాల వైపు వెళతాడు. మాంచెస్టరు కళా ప్రదర్శనలో దాన్ని పెట్టారు. విక్టోరియా రాణి ఒక ప్రతి కొన్నది. మరుసటి ఏడు హెన్రీ పీచ్ రాబిన్సన్ అయిదు నెగెటివులతో, క్షయతో చనిపోతున్న ఒక అమ్మాయి దృశ్యాన్ని కూర్చాడు. అది చూసి జనం నొచ్చుకున్నారు. అటువంటి దృశ్యాన్నే చిత్రకారుడు రంగుల్లో వేస్తే ఎవరూ నొచ్చుకోరు. ఫోటో కాబట్టి నిజంగా ఒక పిల్ల అట్లా చనిపోతుండగా కెమెరా పెట్టి తీశారన్న భావన కలిగింది.

యిక్కడ ఆగి ఆలోచించాలి. ఫోటో చూసేవాడికి ఒక మాట యిస్తుంది: "యిది జరిగింది, ఫలానా చోట కెమెరా వుంది" అని. చిత్రలేఖనం ఆ మాట యివ్వదు. ఫోటోకున్న బలమంతా యీ మాటలోనే వుంది. దాన్ని అడ్డం పెట్టుకుని చేసే మోసం బలం కూడా అందులోనే వుంది.

4

యీ మోసాన్ని రాజకీయ ఆయుధంగా వాడిన తొలి పెద్ద ఉదాహరణ పారిస్ కమ్యూన్ మీద జరిగింది. 1871 మార్చి 18న మొదలై మే 28న రక్తంలో ముగిసిన ఆ శ్రామిక ప్రభుత్వం గురించి మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. బారికేడ్ల మీద, కూల్చిన వాందోమ్ స్తంభం పక్కన నిలబడి కమ్యూనార్డులు సంతోషంగా ఫోటోలు తీయించుకున్నారు. ఓటమి తర్వాత ఆ ఫోటోలే పోలీసుల చేతికి చిక్కి, మనుషుల్ని గుర్తుపట్టడానికి పనికివచ్చాయి.

అది ఒక పాఠం. రెండో పాఠం ఎజెన్ అపెర్ అనే ఫోటోగ్రాఫరు నేర్పాడు. అతను "కమ్యూన్ నేరాలు" అనే పేరుతో ఒక వరస చిత్రాలు అమ్మకానికి పెట్టాడు. బందీల కాల్చివేత, జనరల్స్ హత్య వంటి ఘటనలు అందులో కళ్లముందు జరుగుతున్నట్టే వుంటాయి. అవన్నీ కూర్పులు. నటులను పెట్టి దృశ్యం తీయడం, వెర్సాయ్ జైళ్లలో ఖైదీలను కూచోబెట్టి తీసిన ముఖాలను ఆ మొండేలకు అతికించడం, తిరిగి కాపీ తీయడం, యిదీ పద్ధతి. మా మామయ్య పద్ధతికీ దీనికీ సాంకేతికంగా పెద్ద తేడా లేదు.

బందీలను కమ్యూన్ వారు కాల్చి చంపిన మాట నిజమే. ఘటన నిజమైనా సాక్ష్యం కల్పితం. ఆ చివరి వారంలో వెర్సాయ్ సైన్యం వేలాది పారిస్ కార్మికులను చంపింది. వారి చావులు ఆ "నేరాల" వరసలో చేరలేదు. ఏది నేరమో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో వుంటుందో, కత్తెర కూడా వారి చేతిలో వుంటుందని యీ ఉదాహరణ చెబుతుంది.

5

యిక ఆ కత్తెరను శ్రామిక పక్షం ఎట్లా అందుకున్నదో చూద్దాం.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన నాటి బెర్లినులో సచిత్ర వారపత్రికలు కుప్పతెప్పలుగా వచ్చేవి. ఫోటో చౌక అయింది. మంత్రి, నాట్యకత్తె, బంతుల యంత్రం, సబ్బు ప్రకటన అన్నీ ఒకే పేజీలో పక్కపక్కన వుండేవి. డాడా వర్గానికి చెందిన యువ కళాకారులు యీ పేజీలనే ముడిసరుకుగా తీసుకున్నారు. తమ పనికి వారు పెట్టుకున్న పేరు "మాంటేజి". జర్మనులో "మోంటూర్" అంటే యంత్ర భాగాలు బిగించే పనివాడు, మన భాషలో ఫిట్టరు. కళాకారుడనే గొప్పపేరును వదులుకొని ఫిట్టరు పేరు పెట్టుకోవడంలోనే వారి దృక్పథం వుంది.

వారిలో హన్నా హ్యోఖ్ ఒక పెద్ద ప్రచురణ సంస్థలో ఎంబ్రాయిడరీ, అల్లికల నమూనాలు గీసే వుద్యోగం చేసేది. 1919లో ఆమె చేసిన పెద్ద మాంటేజి పేరులోనే వంటింటి కత్తి వున్నది. వైమార్ జర్మనీ బొజ్జ సంస్కృతిని ఆ కత్తితో కోస్తున్నానంటుంది. సేనాధిపతులు, చక్రవర్తి, శాస్త్రవేత్తలు, విప్లవకారులు, యంత్ర చక్రాలు అందులో తలకిందులుగా తిరుగుతుంటాయి. కింద కుడిమూల, స్త్రీలకు ఓటుహక్కు వచ్చిన యూరపు దేశాల పటం చిన్నది అతికించి, దాని పక్కన తన ముఖం పెట్టుకుంది. జర్మనీ స్త్రీలు మొదటిసారి ఓటు వేసింది ఆ 1919 జనవరిలోనే. 1920లో బెర్లినులో డాడా ప్రదర్శన జరిగినప్పుడు ఆమెను చేర్చుకోవడానికి పురుష సహచరుల్లో కొందరు అభ్యంతరం చెప్పారు. పాత లోకాన్ని ముక్కలు చేస్తామన్నవాళ్లకు కూడా పక్కనున్న స్త్రీ చేతిలోని కత్తి కనిపించలేదు.

హెల్ముట్ హెర్త్స్‌ఫెల్డ్ 1891లో పుట్టాడు. యుద్ధకాలంలో జర్మనీ అంతటా ఇంగ్లీషువారి మీద ద్వేషం రగిలిస్తుంటే, దానికి నిరసనగా తన పేరు జాన్ హార్ట్‌ఫీల్డ్ అని మార్చుకున్నాడు. 1918 డిసెంబరు చివర జర్మన్ కమ్యూనిస్టు పార్టీ ఏర్పడుతుండగానే అందులో చేరాడు. విల్లీ మ్యూన్‌జెన్‌బెర్గ్ నడిపిన సచిత్ర కార్మిక వారపత్రికలో 1930 నుంచి అతని మాంటేజీలు క్రమంగా వచ్చాయి. 1938 వరకు ఆ పత్రిక కోసం అతను చేసినవి రెండువందలకు పైగా వున్నాయి. ఆ పత్రికే 1926లో కార్మికులను తమ బతుకు ఫోటోలు తామే తీసి పంపమని పిలిచింది. ఫోటోను వినియోగదారుడి చేతి నుంచి వుత్పత్తిదారుడి చేతికి మార్చే ప్రయత్నంగా దీన్ని మనం చూడాలి.

హార్ట్‌ఫీల్డ్ పని విధానం ఎట్లాంటిదో రెండు మూడు ఉదాహరణలు చాలు. 1932 జూలైలో, ఎన్నికలకు ముందు, ఉపన్యసిస్తున్న హిట్లర్ తలను ఒక ఛాతీ ఎక్స్‌రేకు అతికించాడు. వెన్నెముక స్థానంలో నాణేల దొంతర. గుండె స్థానంలో స్వస్తిక. బంగారం మింగి చెత్త కక్కుతాడని దాని కింది మాట. అదే ఏడు అక్టోబరులో వచ్చిన మరొకదానిలో, చెయ్యెత్తి వందనం చేస్తున్న పొట్టి హిట్లర్ వెనక తల కనిపించని ఒక బ్రహ్మాండమైన షావుకారు నిలబడి, ఆ ఎత్తిన చేతిలో నోట్లు పెడుతుంటాడు. లక్షలు నా వెనక వున్నాయని హిట్లర్ గొప్ప చెప్పుకునేవాడు. ఆ లక్షలు మనుషులు కావు, డబ్బు అని ఒక్క అతుకుతో తేల్చాడు. 1935 డిసెంబరులో, వెన్న మనిషిని లావెక్కిస్తుంది, యినుము దేశాన్ని బలపరుస్తుందనే ధోరణిలో గోరింగ్ మాట్లాడగా, ఒక కుటుంబం బల్ల చుట్టూ కూచుని సైకిలు భాగాలు, గొలుసులు కొరుక్కు తింటున్నట్టు, పసిబిడ్డ గొడ్డలి నాకుతున్నట్టు కూర్చాడు.

1933లో నాజీలు యింటిమీద పడితే అతను బాల్కనీ నుంచి దూకి, సరిహద్దు కొండలు కాలినడకన దాటి ప్రాగ్ చేరాడు. 1934లో అక్కడి ప్రదర్శనలో అతని బొమ్మలు పెడితే జర్మన్ రాయబారి అభ్యంతరం చెప్పి కొన్నిటిని తీయించాడు. 1938లో లండనుకు పోయాడు. 1950లో తూర్పు జర్మనీకి తిరిగివస్తే, పశ్చిమ దేశంలో తలదాచుకున్నాడన్న అనుమానంతో సొంత పార్టీయే అతన్ని కొన్నేళ్లు దూరంగా వుంచింది. 1956లో గాని కళా అకాడమీలో చోటు దొరకలేదు. 1968లో చనిపోయాడు.

మాంటేజిలో అతుకు కనపడాలి, అదే దాని నిజాయితీ అని కొందరు విమర్శకులు అంటారు. హన్నా హ్యోఖ్ విషయంలో యిది సరిపోతుంది. హార్ట్‌ఫీల్డ్ విషయంలో సరిపోదు. అతను రీటచింగు చేయించి, ఎయిర్ బ్రష్ వాడి, అతుకులు కనపడకుండా చేసేవాడు. గ్రావ్యూర్ ముద్రణలో ఆ బొమ్మ ఒకే ఫోటో లాగా నున్నగా వచ్చేది. అయినా ఎవరూ మోసపోలేదు. నాణేల వెన్నెముక వున్న మనిషి లోకంలో వుండడని పసివాడికి కూడా తెలుసు. అనగా ఆ బొమ్మ "యిది జరిగింది" అనే మాట యివ్వడం లేదు. "జరుగుతున్నదాని అర్థం యిది" అని వాదిస్తున్నది. అతుకు కాగితం మీద కనపడకపోయినా బుద్ధికి కనపడుతున్నది.

6

కథ యిక్కడితో ఆపితే మన మనసుకు హాయిగా వుంటుంది. కాని చరిత్ర యిక్కడ ఆగలేదు.

సోవియట్ దేశంలో మాంటేజికి పునాది వేసినవారిలో గుస్తావ్ క్లుత్సిస్ ఒకడు. లాత్వియా రైఫిల్ దళంలో సైనికుడిగా విప్లవంలో పాల్గొన్నాడు. 1930లో అతను చేసిన పోస్టరులో ఒక పెద్ద అరచెయ్యి, దానిలోపల లెక్కలేనన్ని చేతులు కనిపిస్తాయి. పంచవర్ష ప్రణాళికకు అంతకంటే మంచి ప్రతిమ మరొకటి లేదు. ఆ అరచెయ్యి అతని సొంత చెయ్యే. 1931 నాటి పోస్టరులో స్టాలిన్ గనికార్మికులతో కలిసి అడుగులో అడుగు వేసి నడుస్తాడు. తర్వాతి సంవత్సరాల్లో పోస్టర్లలో నాయకుడి కొలత పెరిగింది, కార్మికుల కొలత తగ్గింది. 1938 జనవరిలో క్లుత్సిస్‌ను అరెస్టు చేశారు. ఫిబ్రవరి 26న కాల్చి చంపారు. తన భర్తకు ఏమైందో, తానూ పోస్టరు కళాకారిణే అయిన భార్య వలెంతీనా కులాగినాకు చెప్పలేదు. 1956లో అతను నిర్దోషి అని ప్రకటించారు.

అదే కాలంలో కుంచె మరొక పని చేసింది. 1920 మే 5న మాస్కోలో, పోలండు రంగానికి వెళుతున్న సైనికులను వుద్దేశించి లెనిన్ చెక్క వేదిక మీద ఉపన్యసించాడు. గోల్డ్‌స్టెయిన్ తీసిన ఆ ఫోటోలో వేదిక మెట్ల మీద ట్రాట్‌స్కీ, కామెనెవ్ నిలబడి వుంటారు. తర్వాత ప్రచురించిన ప్రతుల్లో వారి చోట వుత్త చెక్క మెట్లే వున్నాయి. మాస్కో-వోల్గా కాలువ గట్టున స్టాలిన్ పక్కన నడిచిన యెజోవ్ పోలీసు యంత్రాంగానికి అధిపతి. ఎందరినో మాయం చేసినవాడు. 1940లో అతన్నే కాల్చేశాక ఫోటోలో అతని చోట కాలువ నీళ్లు వచ్చాయి.

యిటువంటి ఉదాహరణలను డేవిడ్ కింగ్ 1997లో ఒక గ్రంథంగా అచ్చువేశాడు. అందులో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది రోద్చెంకో సంగతి. 1923లో మయకోవ్‌స్కీ కావ్యానికి మాంటేజీలు కూర్చి కొత్త శిల్పానికి దారి తీసిన మహా కళాకారుడు అతను. 1934లో ఉజ్బెకిస్తాన్ పదేళ్ల పండుగ ఆల్బం అతనే రూపొందించాడు. మూడు నాలుగేళ్లలో ఆ రిపబ్లిక్ నాయకులు చాలామంది శత్రువులుగా ముద్రపడి చనిపోయారు. వారి ఫోటోలు యింట్లో వుండటమే ప్రమాదం. రోద్చెంకో తన సొంత ప్రతిలో, తాను కూర్చిన పేజీల్లోనే, ఒక్కొక్క ముఖం మీద నల్లసిరా పూశాడు. అందులో ముఖం వుండాల్సిన చోట ముద్దగా నల్లదనం వుంటుంది. కింద పేరు వుంటుంది.

యిది సోవియట్ రోగం మాత్రమేనని బూర్జువా పత్రికలు రాస్తాయి. అది అసత్యం. 1937లో ముసోలినీ గుర్రం మీద కత్తెత్తి తీయించుకున్న ఫోటోలో కళ్లెం పట్టుకున్న మనిషిని చెరిపివేశారు. 1950లో అమెరికాలో, మెకార్తీ కాలంలో, సెనేటరు మిలర్డ్ టైడింగ్స్‌ను కమ్యూనిస్టు నాయకుడు ఎర్ల్ బ్రౌడర్ పక్కన నిలబెట్టి కూర్చిన బొమ్మను ఎన్నికల కరపత్రికలో పంచారు, టైడింగ్స్ ఓడిపోయాడు. అది కూర్పు ఫోటో అని దాని కింద రాసే వున్నది. అయినా చూసేవాడి కళ్లను నమ్మించడమే దాని వుద్దేశం. చిన్న అక్షరాలతో చట్టాన్ని తప్పించుకోవచ్చు. నైతిక బాధ్యతను తప్పించుకోలేము. 1982లో ఒక ప్రసిద్ధ అమెరికన్ భౌగోళిక పత్రిక ముఖచిత్రం నిలువు పేజీలో పట్టడం కోసం గిజా పిరమిడ్లను కంప్యూటరు మీద దగ్గరికి జరిపింది. 1990లో ఫోటోషాప్ అమ్మకానికి వచ్చాక ఆ శక్తి ప్రతి అచ్చుయంత్రం గదికీ, తర్వాత ప్రతి జేబుకూ చేరింది.

అయినా ఎదుటివాడి అబద్ధాన్ని చూపించి మన అబద్ధాన్ని సమర్థించుకోవడం మన పద్ధతి కాకూడదు. వారికంటే మనకే ఫోటో విశ్వసనీయత ఎక్కువ అవసరం. 1943లో బెంగాలు కరువును బ్రిటిషు ప్రభుత్వం కప్పిపుచ్చాలని చూస్తున్నప్పుడు, పి.సి. జోషి వెంట తిరిగి సునీల్ జానా తీసిన ఫోటోలు పార్టీ పత్రిక "పీపుల్స్ వార్" ద్వారా దేశానికి నిజం చెప్పాయి. అస్థిపంజరాల్లాంటి ఆ మనుషుల్లో ఒక్కరిని అతికించి వుంటే, ఆ ఒక్క అతుకు పట్టుకొని మొత్తం కరువే అబద్ధమని దొరలు కొట్టిపారేసి వుండేవారు. అధికారం వున్నవాడికి సాక్ష్యం లేకపోయినా గడుస్తుంది. లేనివాడికి వున్న ఆస్తి సాక్ష్యమే.

7

యిక నా సంగతి.

1974లో నేను కాలేజీ విద్యార్థిని. అప్పుడు నేను పనిచేస్తున్న ఒక సంఘం తన మహాసభకు సావనీరు వేయ తలపెట్టింది. పాతకాలపు గ్రూపు ఫోటో ఒకటి దొరికింది: ఒక గ్రంథాలయం మెట్ల ముందు పద్నాలుగు మంది. అందులో వెనక వరసలో ఎడమ నుంచి రెండో మనిషి తర్వాత విభేదించి వేరే పక్షానికి వెళ్లాడు. అతని బొమ్మ మన సావనీరులో ఎందుకన్నారు పెద్దలు. నాకు పని తెలుసని వారికి తెలుసు. నేను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. నిజం చెప్పాలంటే, నా విద్య ఉద్యమానికి పనికివస్తున్నదని గర్వపడ్డాను.

దొరికిన ఆ ఒక్క ప్రింటు మీదే పని చేశాను. కాపీ తీసి దానిమీద చేయవచ్చు. తొందరలో ఆ ఖర్చెందుకన్నారు, సరేనన్నాను. నల్లని జుట్టు మీద రంగు నిలవదు కాబట్టి ముందుగా తలను బ్లేడుతో గీకాను. తర్వాత ప్రాసెస్ వైటు, నలుపు కలిపి గోడ రంగు తయారు చేసి మొత్తం మనిషి మీద పూశాను. బ్లాకు బాగా వచ్చింది. ఒక్క లోపం: అతని చెయ్యి పక్కవాడి భుజం మీద వుంది. ఆ నాలుగు వేళ్లు అట్లాగే మిగిలిపోయాయి. సరిచేస్తానంటే, "చెయ్యి ఎవడు చూస్తాడోయ్" అన్నాడు సంపాదకుడు.

చాలా ఏళ్ల తర్వాత ఒకావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆ మనిషి కూతురు. తండ్రి అప్పటికి చనిపోయాడు. పెళ్లి ముందటి తండ్రి బొమ్మ యింట్లో ఒక్కటీ లేదట. సావనీరు చూసి, అసలు ఫోటో నా దగ్గర వుండవచ్చని ఎవరో చెప్పారట. ఆ ఫోటో తీసిన స్టూడియో గాజుపలకలు ఏనాడో వెండి కోసం అమ్ముడుపోయాయి. ప్రింటు నా పెట్టెలోనే వుంది.

ఆమె ఎదురుగానే దాన్ని పళ్లెంలో నీళ్లుపోసి నానబెట్టాను. రంగు నీళ్లలో కరిగేదే. నెమ్మదిగా దూదితో తుడిస్తే పంచె, చొక్కా, బొత్తాలు, మెడ తిరిగి వచ్చాయి. ముఖం రాలేదు. బ్లేడు గీకినంత మేరా బొమ్మ వున్న పొర పోయి, వుత్త తెల్ల కాగితం మిగిలింది.

ఆమె చాలాసేపు చూసింది. "ఆ చెయ్యి నాన్నదేనా మాస్టారూ?" అని అడిగింది. అవునమ్మా అన్నాను. అంతకు మించి ఆ రోజు నా నోట మాట రాలేదు.

రోద్చెంకో ప్రాణభయంతో సిరా పూశాడు. నాకు ఏ భయమూ లేదు. జైలు లేదు, పోలీసు లేదు. ఎవరూ బలవంతపెట్టలేదు. చరిత్ర మన పక్షాన వున్నది కాబట్టి చరిత్రను దిద్దే హక్కు కూడా మనకున్నదనే అహంకారం ఒక్కటే వుంది. ఆ మనిషి రాజకీయాలు తప్పని నేను అప్పుడు అనుకున్నాను. యిప్పటికీ చాలా వరకు అదే అభిప్రాయం. కాని ఆ రోజు ఆ మెట్ల మీద అతను నిలబడ్డ మాట తప్పు కాదు. మన వాదం వ్యాసంలో రాయాలి, బ్లేడుతో రాయకూడదు.

8

యిప్పుడు ఆ విద్యార్థిని ప్రశ్నకు జవాబు చెప్పగలననుకుంటాను.

కోయడం, అతకడం తమంతట తాము అబద్ధాలు కావు. ఫోటో యిచ్చే మాటను బహిరంగంగా వెనక్కి తీసుకుని, "నేను వాదిస్తున్నాను" అని చెప్పే కూర్పు కళ; దానికి ఎంత సాహసమైనా తగును. ఆ మాటను నిలబెట్టుకుంటున్నట్టు నటిస్తూ లోపల దాన్ని చెరిపే కూర్పు మోసం. అది అపెర్ చేసినా, మాస్కోలో జరిగినా, నేను చేసినా ఒకటే. అతుకు నునుపా గరుకా అన్నది శిల్పానికి సంబంధించిన ప్రశ్న. చూసేవాడిని సహచరుడిగా చూస్తున్నామా, బోల్తా కొట్టించాల్సినవాడిగా చూస్తున్నామా అన్నది నీతికి సంబంధించిన ప్రశ్న. క్లుత్సిస్ పోస్టర్ల చరిత్ర యింకొకటి కూడా చెబుతుంది: బాహాటమైన కూర్పు కూడా, అందులో ఎవరి కొలత పెరుగుతున్నదో ఎవరిది తగ్గుతున్నదో అడగడం మానేస్తే, అధికారానికి అలంకారమైపోతుంది.

కనుక మన పత్రికలకు, సంఘాలకు నాకు తోచిన మూడు పనులు చెబుతాను. ఒకటి, అచ్చువేసే ప్రతి ఫోటో కింద తీసినవారెవరో, ఎప్పుడు ఎక్కడ తీశారో, అందులో ఎవరెవరున్నారో రాయాలి. దిద్దితే ఏం దిద్దామో చదవదగ్గ అక్షరాల్లో రాయాలి. రెండు, అసలు ప్రతి మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. యిది కంప్యూటరు ఫైలుకు కూడా వర్తిస్తుంది. మూడు, మన పాత సంచికల్లో, సావనీర్లలో చెరిపివేసిన ముఖాలు ఎన్ని వున్నాయో వెతికి, దొరికినవాటిని దొరికినట్టు తిరిగి అచ్చువేయాలి. విద్యార్థులు హార్ట్‌ఫీల్డ్ కత్తెరను ధైర్యంగా అందుకోవాలి; యివాళ్టి షావుకార్ల వెన్నెముకల్లో కూడా నాణేలు తక్కువేం లేవు.

మూడో పని నాతోనే మొదలు కావాలి. ఆ పద్నాలుగు మంది ఫోటోను, ముఖం చోట తెల్లమచ్చతో సహా, పేర్లన్నీ వరసగా వేసి, మచ్చ ఎట్లా వచ్చిందో కింద నా పేరుతో రాసి అచ్చుకు యిస్తానని ఆమెకు మాట యిచ్చాను. ఆమె ఒప్పుకుంది. ప్రింటు యిప్పుడు ఆమె యింట్లో, పటం కట్టి గోడ మీద వుంది. అచ్చుకు కావలసిన కాపీ నేనే వెళ్లి తీసుకొస్తాను. యీసారి దానిమీద ఏమీ దిద్దను.